సంకెల తెగిన పిదప

ఏలూరి నడుమ పారు కాలువను దినమును చూచు మనకు అది వట్టి నీరుగనే కన్పట్టును. విజ్జేశ్వరము కడ గోదావరిని విడిచి, తాడేపల్లిగూడెము మీదుగా దిగివచ్చు నీరొకటి. బెజవాడ కడ కృష్ణను విడిచి తూర్పునకు నడచివచ్చు నీరొకటి. ఈ రెండును ఏలూరి కడ కలిసికొనును. మహానదులు రెంటిని ముడివేసిన ఈ కాలువ మన వరిచేల కొరకే పుట్టినదని మనము తలంతుము. కాని 1861 మొదలు 1865 వరకు సముద్రముల కావల జరిగిన యొక మహాయుద్ధపు చరిత్రలో దీనికిని ఒక పుట కలదు. ఆ పుటను మనవారు మరచినారు. మరచుట వలన నష్టమేమని అడుగువారికి సమాధానము చెప్పుటయే మా యీ వ్యాసోద్దేశము.

అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున పత్తి పండెడిది. దానిని పండించినవారు బానిసలు. 1860 నాటి జనాభా లెక్కలలో వారి సంఖ్య దాదాపు 40 లక్షలు. మనుష్యుని కొనుట, అమ్ముట, తల్లి నొకరికిని బిడ్డను వేరొకరికిని విక్రయించుట అచ్చట న్యాయస్థానములు కాపాడిన వ్యాపారము. బానిసత్వము క్రొత్త సీమలకు వ్యాపింపరాదని చెప్పిన అబ్రహాము లింకను 1860 నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. అంతట దక్షిణరాష్ట్రములు వరుసగా విడిపోజొచ్చినవి. తుదకు 11 రాష్ట్రములు వేరు కూటమిగా నేర్పడినవి. 1861 ఏప్రిలు 12వ తేదీన సమ్టరు కోటపై ఫిరంగులు మ్రోగెను. ఆ యుద్ధము బానిసత్వము కొరకు గాక రాష్ట్రముల హక్కుల కొరకు జరిగినదని పిమ్మట పలువురు వ్రాసిరి. కాని ఆ కూటమికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండరు స్టీఫెన్సు, నల్లజాతి దాస్యమే తమ ప్రభుత్వమునకు మూలశిల యని 1861 మార్చిలోనే బహిరంగసభలో చెప్పియుండెను. పోరినవారు తామే చెప్పిన కారణమును త్రోసివేసి, వారి మనుమలు కల్పించిన కారణమును నమ్ముట విజ్ఞులకు తగదు.

యుద్ధమునకు పూర్వము ఇంగ్లండు మరమగ్గములకు కావలసిన పత్తిలో సుమారు ముప్పాతికవంతు ఆ బానిసల చేతుల మీదుగనే పోయెడిది. ఉత్తరపు నౌకాబలము దక్షిణపు రేవులను ముట్టడించుటతో లాంకషైరు మిల్లులు నిలిచిపోయెను. లక్షలకొలది కూలీలు పస్తులుండిరి. అప్పుడు ఇంగ్లండు దృష్టి హిందూదేశముపై పడినది. బొంబాయిలో నాడు గడించి, పిదప పోగొట్టుకొనినవారి కథలు ప్రసిద్ధములు. మన తీరమున కాకినాడ రేవు వృద్ధి పొందుటకు ఆ యుద్ధమే ముఖ్యకారణము. గుంటూరు సీమ పత్తి కృష్ణ దాటి, ఏలూరు కాలువలో పడవలెక్కి, గోదావరి దాటి, కాకినాడలో ఓడల కెక్కెడిది. విదేశవర్తకులు ఆ పత్తికి రేవు పేరు పెట్టి కోకనాడ పత్తి యనిరి. పొగబండి మన సీమకు వచ్చినది 1890 తరువాతనే; అంతవరకు కాలువయే మనకు రాజమార్గము. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టయు లేకున్నచో ఆ పత్తి కదలియుండదు.

మిసిసిపీ నదీతీరమున బానిస చేయి పని మానుకొనగా ఏలూరు కాలువలో పడవ బరువెక్కినది. లోకము ఇంత చిన్నది! ఒకచోట తెగిన సంకెల మరియొకచోట మ్రోగును. 1865లో యుద్ధము ముగియగానే పత్తి ధర పడిపోయెను. గిరాకి యున్న నాలుగేండ్లును లాభము వర్తకునిది, దళారిది; గోచి బిగించి గట్టువెంబడి పడవ లాగినవానికి దక్కినది నాటి కూలి మాత్రమే.

మన దేశమున బానిసత్వమే లేదని గర్వించువారు కలరు. లేనిచో 1843లో బానిసత్వమును న్యాయస్థానములు అంగీకరింపరాదని 5వ శాసనమేల చేయవలసివచ్చెను? 1862 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి, మనుష్యుని బానిసగా కొనుటయు అమ్ముటయు నేరమని చాటెను. సరిగా ఏడాది గడచి 1863 జనవరి 1వ తేదీన లింకను విమోచనప్రకటన వెలువడినది. తేదీలు సరిపోయినవి, అర్థములును సరిపోయినవి. ఇచ్చట గాని అచ్చట గాని శాసనము మనిషిని విడిపించినదే తప్ప, విడివడిన మనిషి మరునాడు ఏ నేలపై నిలుచునో, ఏమి తినునో చెప్పలేదు.

ఈ లోపము అంతకు మునుపే బయటపడియుండెను. బ్రిటిషు సామ్రాజ్యమున 1833 శాసనము ననుసరించి బానిసలను విడిచినప్పుడు నష్టపరిహారముగా 2 కోట్ల పౌనులు చెల్లింపబడినవి. ఎవరికి? కొరడా పట్టినవారికి, కొరడా దెబ్బలు తినినవారికి ఒక్క పెన్నీయైనను ముట్టలేదు. మారిషసు చెరకుతోటలలో వారు విడిచిన చోటులను నింపుటకు మన కోరంగి రేవునుండి తెలుగు కూలీలను ఒడంబడికలపై ఎక్కించుకొనిపోయిరి. ఆ దీవిలో తెలుగువారికి కోరంగీలను పేరు ఆ రేవు మూలముననే కలిగినది. ఒకరి దాస్యము ముగియగా దాని పని మరియొకరి మెడకు తగిలించిరన్నమాట.

ఇక యుద్ధానంతరమున అమెరికాలో జరిగినది చూతము. ఆరు లక్షలకు పైగా సైనికులు మడిసిన పిదప 1865 ఏప్రిలు 9వ తేదీన దక్షిణసేనాని లీ లొంగిపోయెను. ఉత్తరసేనలో సుమారు 1,80,000 మంది నల్లవారు ఆయుధము పట్టి పోరియుండిరి. కావున వారి విమోచనము ఒకరు పెట్టిన భిక్ష కాదు. అయిదు దినములకే లింకను తుపాకి గుండుకు గురియై, మరునాడు మరణించెను. ఆ యేటి డిసెంబరులో 13వ సవరణ బానిసత్వమును రూపుమాపెను. 1868లో 14వ సవరణ ఆ దేశమున పుట్టిన ప్రతివానిని పౌరునిగా గుర్తించెను. 1870లో 15వ సవరణ, జాతిని బట్టి గాని పూర్వదాస్యమును బట్టి గాని ఓటు హక్కు తీసివేయరాదనెను. నిన్నటివరకు సంతలో అమ్ముడుపోయిన జాతినుండి ఆ యేడే హైరాము రెవెల్సు సెనేటు సభ్యుడయ్యెను. పునర్నిర్మాణకాలమున 16 మంది నల్లవారు జాతీయశాసనసభలో కూర్చుండిరి. దక్షిణరాష్ట్రములలో సర్వజనులకు పాఠశాలలు ప్రభుత్వవ్యయమున ఏర్పడినది వారి ఓట్లతో వ్రాయబడిన రాజ్యాంగముల వలననే. వాని వలన పేద తెల్లవాని బిడ్డయు చదువుకొనెను.

కాని పునాదిలోనే ఒక రాయి తీసివేయబడినది. ఆ రాయి భూమి. 1865 జనవరిలో సేనాని షెర్మను దక్షిణ సముద్రతీరపు భూములను 40 ఎకరములకు మించని ముక్కలుగా విముక్తులకు కేటాయించుచు ఉత్తరువు చేసెను. దాదాపు 40,000 మంది ఆ భూములపై నిలిచి విత్తనము చల్లిరి. లింకను అనంతరము అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సను, తిరుగుబాటు చేసిన భూస్వాములను క్షమించి, ఆ యేడు ముగియకమునుపే ఆ భూములను వారికి మరల నిప్పించెను. దున్నినవాడు గట్టెక్కెను, దున్నించినవాడు గట్టు దిగి చేను స్వాధీనము చేసికొనెను.

అటుపై జరిగినదానిని మన రైతులకు విస్తరించి చెప్పనక్కరలేదు. భూమి దొరది, చెమట నల్లవానిది, పంటలో పాలు. విత్తనములకు, ఉప్పునకు, గుడ్డకు అప్పు. ఆ అప్పునకు ఇంక కోయని పంటయే తాకట్టు. లెక్క వ్రాయువాడు అప్పిచ్చినవాడే. ఏడాది చివర బాకీ మిగులును. బాకీ మిగిలినంతకాలము ఆ చేను విడిచిపోరాదు. మిసిసిపీ రాష్ట్రము 1865లోనే, ప్రతి జనవరిలోను తనకు పని కుదిరినదని నల్లవాడు కాగితము చూపవలెననియు, పట్టణములకు వెలుపల భూమి కౌలునకు పుచ్చుకొనరాదనియు శాసించినది. 13వ సవరణలో, నేరమునకు శిక్షగా తప్ప, అను నాలుగు మాటలున్నవి. ఆ సందునుండి మరల బానిసత్వము లోనికి వచ్చెను. పని లేక తిరుగుటయే నేరమని పట్టి, ఖైదీలను గనులకును తోటలకును అద్దె కిచ్చిరి.

ఓటును తీసివేయుటకు శాసనము కంటె ముందు ముసుగులు వచ్చినవి. రాత్రివేళ ముసుగు ధరించి ఇండ్లు తగులబెట్టు కూటములు బయలుదేరినవి. 1873 ఏప్రిలు 13వ తేదీన లూసియానాలోని కోల్ఫాక్సులో పెక్కుమంది నల్లవారిని లొంగిపోయిన తరువాత గూడ చంపివేసిరి. అదే 1873లో పూనా నగరమున జ్యోతిరావు ఫూలే తన గులాంగిరి గ్రంథమును, బానిసలను విడిపించినందులకై సంయుక్తరాష్ట్రముల సజ్జనులకు అంకితము చేసెను! ఆ మహనీయుని ఆశ తప్పు కాదు. ఆ సజ్జనులు అలసిపోవుటయే తప్పు. 1876 ఎన్నికల వివాదము నడుమ బేరము కుదిరి, 1877లో సైన్యము రక్షణ విధినుండి తొలగింపబడెను. పండ్రెండేండ్లలో పునర్నిర్మాణము ముగిసినది. ఓటు మరల నిజముగ దక్కుటకు 1965 వరకు ఆగవలసివచ్చినది.

విముక్తులకు స్వాతంత్ర్యమునకు తగిన యోగ్యత లేకపోయినదని చెప్పు చరిత్రకారులు ఒకప్పుడు విస్తారముగ నుండిరి. ఈ మాట మనకు క్రొత్త కాదు. మన స్వరాజ్యమును గూర్చి తెల్లదొరలు పలికినదియు ఇదియే. 1935లో డుబాయిసు పండితుడు బృహద్గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. అక్షరము నేర్చుటయే అనేకచోట్ల నేరమైయుండిన జనములో 1900 నాటికి సగమునకు పైగా చదువరులైరి. ఇది అయోగ్యుల లక్షణమా? ఓడినది వారి యోగ్యత కాదు. భూమి లేని ఓటు, రక్షణ లేని హక్కు, ఓపిక లేని మిత్రుడు: ఈ మూడును కలిసి వారిని ఓడించినవి.

ఇప్పుడు దృష్టిని ఇంటివైపు త్రిప్పుదము. తెలుగునేలపై ఇట్టి పోరాటము జరుగకపోలేదు. నైజాము తెలంగాణమున దేశముఖుల గడీలకు వెట్టిచాకిరి చేసిన జనులు 1946లో ఎదురుతిరిగిరి. ఆ యేడు జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియయ్యెను. పోరు 1951 అక్టోబరు వరకు సాగెను. నడుమ 1948 సెప్టెంబరులో నిజాము లొంగెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారులకు రక్షణ శాసనము వచ్చెను. అయినను సైన్యము వెంబడి ఊళ్లకు మరలివచ్చిన దొరలును కలరు. కాగితముపై రక్షితుడైయుండి చేనునుండి తొలగింపబడిన కౌలుదారులును కలరు. వెట్టిని దేశమంతట నిషేధించు శాసనము 1976లో గాని రాలేదు. జయించుట వేరు, జయమును నిలుపుకొనుట వేరు. ఈ సత్యము మిసిసిపీలోను మూసీతీరమునను ఒక్కటియే.

మన డెల్టాలో వెట్టి లేకుండెనందుము, పాలేరుతనము లేకుండెనందుమా? పెండ్లికో చావునకో తెచ్చుకొనిన నూరు రూపాయలు ఏటి జీతములో తెగక, తండ్రి బాకీ కొడుకు తలకెక్కి, ఒకే కామందు వాకిట రెండు తరములు పశువులపాక ఊడ్చిన కుటుంబములను గూర్చి పెద్దలు చెప్పగా వినని ఊరు కలదా? ఆ కాలము చాలవరకు గడచినది. పాలేరు పోయెను, కౌలుదారు వచ్చెను. నేడు తాడేపల్లిగూడెము, ఏలూరు పరిసరములలో పొలము దున్నువారిలో పెక్కురు సొంతదారులు కారు. సొంతదారు పట్టణమున నుండును, హైదరాబాదున నుండును, సముద్రము దాటియు నుండును. మక్తా బస్తాల లెక్కన నోటిమాటతో కుదురును. పెక్కుచోట్ల సార్వా పంటలో అధికభాగము మక్తాకే చెల్లును. దాళ్వా పండినచో కౌలుదారు ఇంట పొయ్యి వెలుగును. గాలివాన వచ్చినచో నష్టపరిహారము పట్టాదారు పేరనే వచ్చును. బాంకి అప్పును పట్టాదారునకే లభించును. గూడెము చేరువ గట్టుమీద మాతో మాట్లాడిన యొక కౌలుదారు చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాము: "చేను నాది కాదండి, సరే. పంటన్నా నాదే అందామంటే కాగితం లేదండి."

కాగితము లేకపోవుట శాసనము లేకపోవుట వలన కాదు. 1956లోనే కౌలు శాసనము పుట్టి, మక్తాకు హద్దు గీచినది. దాని ఫలముగ వ్రాతలు మాని నోటిమాటలు పెరిగినవి. 2011లో సాగుదారులకు అప్పు అర్హత కార్డులు ఇచ్చుటకు శాసనము చేసిరి. 2019లో మరియొకటి చేసి, 11 నెలల ఒప్పందముపై భూస్వామి సంతకము కోరిరి. ఆ సంతకము వలన భూమిపై హక్కునకు భంగము లేదని స్పష్టముగ చెప్పిరి. అయినను సంతకము చేయుటకు చేయి రాదు. భయమునకు కారణము లేదని మేమనము. కష్టపడి కొనిన రెండెకరములు వివాదమున పడునేమో యని జంకు చిన్న సొంతదారు దోషి కాడు. కాని తన జంకునకు వెల మరియొకడు చెల్లించుచున్నాడని అతడు తెలిసికొనవలెను. పంట పోయిన యేట పరిహారమును తాను పుచ్చుకొని మక్తాను గూడ అడుగువానిని మాత్రము జంకు కలవాడని మన్నింపజాలము.

కొల్లేటి కథ ఇంకను నేర్పును. బుడమేరు, తమ్మిలేరులు తెచ్చు నీటిని పట్టి ఉప్పుటేటి ద్వారా సముద్రమున వదలు ఆ సరస్సునకు కావలివారు లంకగ్రామముల జాలరులు. 1970 దశాబ్దమున ప్రభుత్వము వారిచే సహకారసంఘములు కట్టించి, సరస్సు భూమిలో చేపల చెరువులు ఇచ్చినది. మన షెర్మను ఉత్తరువు అదియే యనవచ్చును. భూమి ఇచ్చిరి, పెట్టుబడి ఈయలేదు. పెట్టుబడి కలవాడు వెలుపలినుండి వచ్చి లీజు వ్రాయించుకొనెను. సంఘము పేరు మిగిలెను, చెరువు చేయి మారెను, సభ్యుడు తన చెరువులో తానే కూలియయ్యెను. గట్లు పెరిగి నీటి దారులు మూసికొనెను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షిరక్షణాలయముగ ప్రకటింపబడెను. 2006లో గట్లను ప్రేలుడు మందుతో పగులగొట్టిరి. ఆనాడు పెట్టుబడిదారు వేరుచోట చెరువు త్రవ్వుకొనెను. లంకవాడు పోవుటకు చోటు లేక అచ్చటనే మిగిలెను. సరస్సును కాపాడుట ధర్మము. పక్షిని కాపాడుచు మనిషిని మరచుట ధర్మము కాదు. హక్కుతో పాటు దానిని నిలుపుకొను బలమును ఈయనిచో, హక్కు చేతులు మారుటకు కొంతకాలము పట్టునంతే.

మా పాఠకులలో భూవసతి కలవారు పెక్కురు. సంయుక్తరాష్ట్రములలో బిడ్డలు కలవారును పెక్కురు. వారికొక మాట. మనవారు ఆ దేశమున విస్తారముగ ప్రవేశించుటకు ద్వారము తెరచినది 1965 నాటి వలసల శాసనము. జాతిని బట్టి మనుష్యులను వేరుచేయరాదని నల్లవారు వీధులలో దెబ్బలు తిని తెచ్చిన మార్పు గాలిలోనే అది పుట్టినది. అచ్చట పుట్టిన మన మనుమలు పౌరులైరనిన, అది 1868లో బానిసల బిడ్డల కొరకు వ్రాయబడిన 14వ సవరణ చలువ. ఆ సంపాదనతోనే గదా మన డెల్టాలో ఎకరములు కొనబడుచున్నవి! కొన్న యెకరమును నోటిమాటతో మక్తాకిచ్చి, కాగితము అడిగినవానిని మరుసటి ఏరువాకకు మార్చువారు, తమ మనుమని పౌరసత్వము ఎవరి ఋణమో ఒక్కమారు తలపోయవలెను.

మేము భూస్వాములను ద్వేషింపుమని చెప్పవచ్చినవారము కాము. యుద్ధము లేకుండ తీరు ఋణమును యుద్ధమువరకు తీసికొనిపోవుట తెలివి కాదని మాత్రమే చెప్పుచున్నాము. అమెరికా ఆరు లక్షల ప్రాణములు చెల్లించి ఒక అధర్మమును తుడిచివేసినది. భూమి విషయమున చేయి ముడుచుకొనుట వలన మరియొక నూరేండ్లు దాని వడ్డీ చెల్లించినది. మనము చెల్లింపవలసినది అంత పెద్దది కాదు. రానున్న తొలకరికి ముందు, ఏలూరిలోను గూడెములోను ఉన్న ప్రతి సొంతదారును తన కౌలుదారును పిలిచి, ఇద్దరి యెదుట ఒక కాగితముంచి, దానిపై సంతకము చేయవలెను. సంఘములు, పత్రికలు, వకీళ్లు ఆ కాగితమును ఊరూర వ్రాసిపెట్టవలెను. కాలువ నీరు సొంతదారుని చేనికి, కౌలుదారుని చేనికి భేదము చూపక పారుచున్నది. చేనునుండి వచ్చు ఫలమునకు గూడ అట్టి దారి చూపుట మన చేతిలోని పని.